నాయకుడు లేని కథ: పరిణామవాదమూ, పాటా

పశ్చిమదేశాల పెద్ద మ్యూజియంలలో కొన్నేళ్లుగా ఒక కొత్త అలవాటు నాటుకున్నది. పగలంతా బడిపిల్లలు తిరిగిన గదులనే సాయంత్రం పెద్దవాళ్ల కోసం మళ్లీ తెరుస్తారు. ఒక గదిలో జీవపరిణామం మీద ఉపన్యాసం, పక్క గదిలో శిలాజాలు చూపిస్తూ వివరణ, నడిమి హాలులో పాటకచేరీ. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2009లో ఇటువంటి గురువారపు సాయంత్రాలను మొదలుపెట్టింది. ఇరవై ఒకటో ఏడు నిండినవాళ్లకే ప్రవేశం. లోపల పానీయాలు కూడా అమ్ముతారు. డార్విన్ పుట్టిన ఫిబ్రవరి 12వ తేదీన చాలా దేశాల మ్యూజియంలూ కళాశాలలూ ఈ పద్ధతిలోనే సభలు జరుపుతున్నాయి. కృష్ణాజిల్లా మెట్ట నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుర్రవాళ్లు సెలవుల్లో వచ్చినప్పుడు ఈ సంగతులు చెబుతూనే ఉన్నారు.

విన్న మన మిత్రులు రెండు విధాల మాట్లాడతారు. చేతిలో గ్లాసు పట్టుకొని రాక్షసబల్లి ఎముకల చుట్టూ తిరగడం విజ్ఞానం కాదు, కలవారి విలాసం అని ఒకరంటారు. మనకూ ఇటువంటివి రావాలి, జనం అప్పుడుగాని సైన్సు వైపు చూడరు అని మరొకరంటారు. మొదటిది సులువైన తిరస్కారం, రెండోది సులువైన అనుకరణ. ఇద్దరూ ఆ కార్యక్రమపు రూపాన్ని గురించి ఆలోచించినట్టు కనబడదు. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు. పరిణామ సిద్ధాంతమనే వస్తువు పాటలో ఇముడుతుందా? వస్తువు చెడకుండా ఇముడుతుందా? ఈ ప్రశ్న శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లది కాదు. వాళ్లకు పాట ఒకచోట, శిలాజం ఒకచోట. రెంటికీ మధ్య గోడ ఉన్నది. నందిగామ ప్రాంతపు మెట్ట పల్లెల్లో, వీరులపాడు వంటి ఊళ్లో, బడి ఆవరణలో ఒక సాయంత్రం దీపం పెట్టి ఈ పని చేయదలచుకున్నవారికి ఆ గోడ ఉండదు. పాటే ఉపన్యాసం కావాలి, ఉపన్యాసమే పాట కావాలి.

చేయవలసిన అగత్యం ఎంత ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసు వేదిక మీద, అప్పటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్ గారే కౌరవులు పరీక్షనాళిక శిశువులని చెప్పి, డార్విన్ సిద్ధాంతం కంటె దశావతారాలే మెరుగైన సిద్ధాంతమని సెలవిచ్చారు. 2023లో జాతీయ విద్యాపరిశోధన, శిక్షణ మండలి పదో తరగతి పాఠ్యపుస్తకంలోని ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం నుంచి పరిణామాన్ని తీసివేసి అనువంశికతను మాత్రం ఉంచింది. పద్దెనిమిది వందలకు పైగా శాస్త్రజ్ఞులూ ఉపాధ్యాయులూ బహిరంగలేఖ మీద సంతకాలు చేశారు. పదో తరగతితో సైన్సు చదువు ముగించే పిల్లలే మన పల్లెల్లో ఎక్కువ. వాళ్లకు ఈ మాట ఇక ఎవరు చెబుతారు?

మ్యూజియం లేకుండానే ఈ సాయంత్రపు రూపం మనకు ఉన్నది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ ఏడే ప్రజానాట్యమండలి పుట్టింది. నాజర్ చేతిలో బుర్రకథ రాజకీయ పాఠశాల అయింది. 1987లో భారత జనవిజ్ఞాన జాతా, 1988లో జనవిజ్ఞాన వేదిక, ఆ పిమ్మట అక్షరాస్యతా ఉద్యమపు కళాజాతాలు ఆ వారసత్వాన్ని సైన్సులోకి తెచ్చాయి. నెల్లూరు జిల్లాలో 1990–91 ప్రాంతాల చదువుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించడం, ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం రావడం అందరికీ తెలిసిన చరిత్రే. పాట చేయగలిగిన పనికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అయితే ఆ విజయం ఎందుకు సాధ్యమైంది? అక్కడ వస్తువు రూపానికి అతికినట్టు సరిపోయింది. దుఃఖపడే ఇల్లాలున్నది, ఎదురుగా శత్రువున్నాడు, చేయవలసిన పని కళ్ల ముందున్నది. మన ప్రజాకళారూపాలన్నీ ఈ మూటి మీద నిలిచినవే. నాజర్ చెప్పిన కథలు చూడండి: పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు. వీరుడు, వైరి, సమరం. అభ్యుదయ గేయానికి కవాతు నడక వచ్చింది కూడా ఇందుకే. ఎక్కడికో నడుస్తున్నవాళ్లకే ఆ నడక పొసగుతుంది.

పరిణామ సిద్ధాంతంలో వీరుడు లేడు, వైరి లేడు, గమ్యం అంతకన్నా లేదు. జీవులు ఒకదానికొకటి కొద్దికొద్దిగా భిన్నంగా పుడతాయి. ఆ భేదాల్లో కొన్ని పిల్లలకు సంక్రమిస్తాయి. పుట్టినవన్నీ బతకవు. ఉన్న పరిస్థితుల్లో ఏవి ఎక్కువ సంతానాన్ని వదిలితే వాటి లక్షణాలు తరువాతి తరంలో పెరుగుతాయి. ఇంతే కథ. దీన్ని ఎవరూ నడపడం లేదు, దేనికోసమూ నడవడం లేదు. ఇటువంటి కథకు బుర్రకథ దళం వేషం కట్టి నిలబడితే ఏం జరుగుతుంది? చేతికి అందిన మొదటి వీరుణ్ణి తెచ్చి నిలబెడుతుంది. ఆ వీరుడి పేరు మనిషి.

గోడల మీద, పుస్తకాల అట్టల మీద ఒక బొమ్మ మనమంతా చూశాం. వంగిన కోతి, కొంచెం లేచిన కోతి, గూనివాడు, చివరకు నిటారుగా నడిచే మనిషి, వరుసగా ఒకే దిక్కుకు పోతుంటారు. 1965లో రూడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు టైమ్-లైఫ్ వారి పుస్తకం కోసం వేసిన బొమ్మ దీనికి మూలం. చివరివాడి చేతిలో సుత్తో కొడవలో పెడితే అది మన వేదిక మీది దృశ్యం అయిపోతుంది. పాటగా కడితే తేలికగా కుదురుతుంది, చప్పట్లు కూడా పడతాయి. కాని అది డార్విన్ కాదు. ‘జాతుల పుట్టుక’లో, 1859లో, డార్విన్ వేసుకున్న బొమ్మ ఒకే ఒకటి. అందులో వరుస లేదు, కొమ్మలున్నాయి. చాలా కొమ్మలు నడుమనే ఆగిపోతాయి. ఈనాటి కోతి మనకు తాత కాదు, దూరపు దాయాది. నిచ్చెనకూ చెట్టుకూ ఉన్న ఈ తేడా చిన్నదనుకునేవారు వైస్ ఛాన్సలర్ గారి వాదాన్ని మళ్లీ ఒకసారి వినాలి. చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి, ఆ పైన నిండు మనుషులు: దశావతారమూ నిచ్చెనే. హాల్డేన్ అంతటివాడు ఆ వరుసలో వెన్నెముక జీవుల చరిత్ర ఛాయ స్థూలంగా ఉన్నదని అన్న మాట నిజమే. ఛాయ వేరు, సిద్ధాంతం వేరు. సిద్ధాంతమంటే ‘ఎట్లా’ అన్నదానికి జవాబు. అవతారాల కథలో ఆ జవాబు దేవుడి సంకల్పం. మరి మన నిచ్చెనలో ‘ఎట్లా’ అన్నదానికి జవాబేది? అక్కడ ‘చరిత్ర సంకల్పం’ అని రాసుకుంటే, పీఠం మీది మూర్తి మారింది గాని పీఠం మారలేదు.

ఎంగెల్స్ ఉన్నాడు గదా అని విద్యార్థి మిత్రులు అనవచ్చు. వానరం మానవుడు కావడంలో శ్రమ పాత్రను గురించి 1876లో ఎంగెల్స్ రాసిన వ్యాసం మన అధ్యయన తరగతుల్లో ఇప్పటికీ చదువుతున్నాం. చదవవలసిందే. ముందు చేతులకు విడుదల, తరువాతనే మెదడు పెరుగుదల అన్న ఆయన ఊహ ఆ కాలపు పండితుల అభిప్రాయానికి ఎదురీదినది. ఆఫ్రికాలో తరువాత దొరికిన శిలాజాలు నిటారు నడక ముందు, పెద్ద మెదడు చాలాకాలం తరువాత అని చూపించాయి. కాని చేతికి అలవడిన నేర్పు నేరుగా సంతానానికి సంక్రమిస్తుందన్న భావన ఆ వ్యాసంలో ఉన్నది. ఆ కాలంలో చాలామందికి ఉన్నది. డార్విన్ కూడా దాన్ని పూర్తిగా వదలలేదు. దాన్నే మార్క్సిజంగా పట్టుకు కూర్చున్నందువల్ల వచ్చిన కీడు లైసెంకో పేరుతో మనకు తెలుసు. 1948 ఆగస్టు సమావేశంతో సోవియట్ జన్యుశాస్త్రం మూతపడింది. అంతకు అయిదేళ్ల ముందే, 1943లో, ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన వావిలోవ్ సరాటోవ్ జైలులో చనిపోయాడు. వామపక్ష పత్రికలో ఈ మాట రాయడం ఇంకా కొందరికి కష్టంగా ఉంటుంది. ఎంగెల్స్ ‘ప్రకృతి గతితర్కం’ ఆంగ్లానువాదానికి పీఠిక రాసిన హాల్డేన్, డైలీ వర్కర్ పత్రికలో కార్మికుల కోసం మూడు వందలకు పైగా సైన్సు వ్యాసాలు రాసిన హాల్డేన్, చివరకు పార్టీకి దూరమైనది ఈ వివాదం ముదిరిన రోజుల్లోనే.

కనుక ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. నాయకుడు లేని కథను ప్రజాకళారూపం మోయగలదా? పేరులోనే వీరులున్న ఊళ్లో వీరుడు లేని కథ చెప్పి మెప్పించగలమా?

మోయగలదనే నా అభిప్రాయం. అందుకు రూపాన్ని బయటినుంచి చూడడం చాలదు. బుర్రకథలో కథకుడు ఒక్కడే కాదు గదా. అటొకరు, ఇటొకరు వంతలున్నారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఉరవడిలో పోతుంటే వీళ్లు అడ్డు తగులుతారు, సందేహం అడుగుతారు, తిక్క ప్రశ్న వేస్తారు. మనం బుర్రకథ అనగానే వీరగాథను చూశాం గాని, ఆ రూపంలో సగం భాగం ప్రశ్నే అని గమనించలేదు. పరిణామ సిద్ధాంతానికి కావలసింది ఈ సగం.

ఒక ఉదాహరణ చెబుతాను. మెట్ట రైతుకు జీవపరిణామం రాక్షసబల్లితో మొదలు కాదు, పత్తిచేనులో మొదలవుతుంది. 1987–88లో ఆంధ్ర పత్తి జిల్లాల్లో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్ మందులకు లొంగకుండా పోయింది. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టి, అప్పులు తీర్చే దారి లేక ఎందరు రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారో ఆనాటి పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. 2002లో బీటీ పత్తి వచ్చింది. కొన్నాళ్లు కాయతొలుచు పురుగు బెడద తగ్గింది. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి రకం బీటీకి లొంగడం లేదని విత్తన కంపెనీయే ఒప్పుకున్నది. ఆ పిమ్మటి రకానికీ అదే గతి పట్టింది. దీన్ని మన పల్లెల్లో ఏమంటారు? పురుగు మందుకు అలవాటు పడింది అంటారు. వ్యవసాయాధికారులూ అంతే, పత్రికలూ అంతే.

ఈ ‘అలవాటు పడింది’ అన్న మాట దగ్గర విమర్శకుడు ఆగాలి. తాగుబోతు సారాకు అలవాటు పడినట్టు పురుగు మందుకు అలవాటు పడలేదు. ఏ ఒక్క పురుగూ తన జీవితంలో మారలేదు. మందుకు చచ్చేవి చచ్చాయి. పుట్టుకతోనే మందుకు తట్టుకోగల ఏ కొద్ది పురుగులో మిగిలాయి. మిగిలినవే జతకట్టాయి, మిగిలినవాటి పిల్లలే చేనంతా నిండాయి. మందు ఎంత ఎక్కువగా కొడితే తట్టుకోలేనివి అంత త్వరగా పోయి, తట్టుకునేవాటికి చేను అంత త్వరగా ఖాళీ అయింది. ఇదే ప్రకృతి వరణం. ఇంతకంటె దగ్గరి పాఠం ఏ మ్యూజియంలో దొరుకుతుంది? మన భాషలోని ఒక అలవాటు మాట దాన్ని కప్పేసింది. హాస్యం వంత ‘పురుగు అలవాటు పడింది’ అంటాడు. రాజకీయం వంత ‘ఏ పురుగు?’ అని అడుగుతాడు. నిన్నటిదా, ఇవాళ్టిదా, దాని కూతురా? చచ్చింది అలవాటు పడుతుందా? కథకుడు లెక్క చెబుతాడు: వంద పురుగులు, చచ్చినవి తొంభైతొమ్మిది, ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటి వీరుడా? కాదు. దానికి తన గెలుపు సంగతి తెలియదు. జనం నవ్వుతారు, నవ్వుతూ గ్రహిస్తారు. నాయకుడు లేకుండానే కథ నడిచింది.

ఇక్కడే రాజకీయమూ వస్తుంది, అతికించినట్టుగా కాదు, విషయంలోనుంచే. బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చేవారు. చుట్టూ కంచె వరుసల్లో వేయాలి. ఎందుకు? మందుకు లొంగే పురుగులు కొన్ని అక్కడ బతికి, తట్టుకునే కొద్దిపాటి పురుగులతో జతకట్టి, తట్టుకునే లక్షణం పలచబడడానికి. మొత్తం ఉపాయం డార్విన్ మీద ఆధారపడినది. కాని రైతుకు డార్విన్‌ను ఎవరూ చెప్పలేదు, ప్యాకెట్టు మాత్రం చేతికిచ్చారు. పురుగులను పెంచడానికి పొలంలో వరుసలు వదలమంటే కౌలు కట్టే రైతు ఎందుకు వదులుతాడు? చాలామంది ఆ చిన్న సంచి పారేశారు. పరిణామవాదం పాఠ్యపుస్తకంలో ఉండాలా వద్దా అన్న వివాదం ఢిల్లీలో పండితుల మధ్య జరిగేదని అనుకోవడం పొరపాటు. వీరులపాడు పత్తిచేలో అది పైకపు లెక్క.

రెండో రూపం కూడా మనకున్నది. నాట్ల పాటలు, దంపుడు పాటలు, కలుపు పాటలు. వీటిలో కథానాయకుడు తప్పనిసరి కాదు. ఒక నోటి నుంచి మరొక నోటికి పోతూ మాట మారుతుంది, వరస మారుతుంది. పని నడకకు కుదిరిన మార్పు నిలుస్తుంది, కుదరనిది మరుపులో పడుతుంది. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యాన్ని పరిశోధించిన నాటి నుంచీ ఒకే పాటకు ఊరూరా పాఠాంతరాలుండడం మనం ఎరుగుదుం. ఒకే పాటను మూడు ఊళ్ల ఆడవాళ్ల చేత ఒకే వేదిక మీద పాడించండి. మూలమేది అని అడగండి. ఎవరూ చెప్పలేరు, మూడూ దాయాదులే, ఏ ఒక్కటీ మిగతావాటి తాత కాదు. నిచ్చెన కాదు చెట్టు అన్న సంగతి చెవికి తెలిసిపోతుంది. పోలికకు హద్దున్నదని కూడా వెంటనే చెప్పాలి. పాటను మార్చేవాళ్లకు ఇష్టాయిష్టాలున్నాయి, జీవులను మార్చే ప్రకృతికి లేవు. ఆ హద్దు చెప్పకపోతే మళ్లీ వెనకవాకిట సంకల్పం దూరుతుంది.

ఇక శిలాజాల మాట. తెలుగువాళ్లకు రాక్షసబల్లిని చూడాలంటే హైదరాబాదులో నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కాలి. పూర్వం నగారాలు మోగిన గుట్ట. అక్కడ 1976లో వెలసిన పాలరాతి దేవాలయమూ, 1985లో వచ్చిన ప్లానెటోరియమూ, తరువాతి సైన్సు మ్యూజియమూ, 2000లో తెరిచిన డైనోసారియమూ అన్నీ బిర్లాల పేరిటివే. పుణ్యమూ విజ్ఞానమూ ఒకే ఖాతాలో జమ. ఆ సంగతి అట్లా ఉంచి ఎముకల దగ్గరికి పోదాం. అక్కడున్నది కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వే వారు తవ్వి తీశారు. యాదగిరి 1988లో దాన్ని శాస్త్రలోకానికి వర్ణించి పేరు పెట్టారు. సుమారు 840 ఎముకలు, కనీసం పన్నెండు జంతువులవి. నిలబెట్టినది ఒకటి. తల దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. కనుక మనం తలెత్తి చూసే ఆ తల శిల్పి చేసినది, బంధువుల పోలికలను బట్టి ఊహించినది.

నాకు ఆ మ్యూజియంలో అన్నిటికంటె విలువైన పాఠం ఆ లేని తలే అనిపిస్తుంది. ఇది దొరికింది, ఇది ఊహించాం, ఊహకు ఆధారం ఇది, రేపు తల దొరికితే దీన్ని తీసేస్తాం అని పెద్ద అక్షరాలతో రాస్తే, పురాణానికీ శాస్త్రానికీ ఉన్న తేడా ఒక్క పలకతో తేలిపోతుంది. పుష్పకవిమానం చెప్పేవాళ్లు ఏ భాగం ఊహో ఎన్నడూ చెప్పరు. చూడవచ్చిన పిల్లలకు ఎముకల పొడుగు కంటె ముందు ఈ సంగతి చెప్పవలసి ఉన్నది. శాస్త్రం అంతా ఊహేనట గదా అని రేపు ఎవరైనా వెక్కిరిస్తారని భయపడి తలను గురించి మౌనం వహించే ఉపాధ్యాయుడు ఆ వెక్కిరింపుకే బలం చేకూరుస్తాడు.

అదే గోదావరి, ప్రాణహిత లోయలో పోచంపల్లి అనే ఊరి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) 1960 ప్రాంతాల మరొక పెద్ద జంతువు బయటపడింది. తొడ ఎముక 1.7 మీటర్లు. కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థ వారు తవ్వారు. మహలనోబిస్ పిలుపు మీద లండను నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్ ఆ శాఖకు ప్రాణం పోసింది. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం గనుక 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ‘బారా పా’ అంటే వంగభాషలో పెద్ద కాలు. అస్థిపంజరం కలకత్తాలో నిలబడి ఉన్నది. దానికీ తల లేదు. కోట రాళ్లలోని చేపల శిలాజాలు అంతకుముందే, 1851లో, లండను పండితుల చేత వర్ణింపబడ్డాయి. జగ్గయ్యపేట బౌద్ధస్తూపపు శిల్పాలు మద్రాసు మ్యూజియం చేరాయి. అమరావతివి మద్రాసుకూ లండనుకూ పోయాయి. మన నేల నుంచి బయటపడినదల్లా ఎక్కడో ఒకచోట అద్దాల వెనుక భద్రంగా ఉన్నది. భద్రం కాదనను. తవ్విన ఊరికి ఒక పోతపోసిన నమూనా అయినా తిరిగి రావాలని అడగడం మాత్రం తప్పు కాదు.

పేర్ల ముచ్చట వచ్చింది గనుక మరొకటి. 1974 నవంబరులో ఇథియోపియాలో ముప్పైరెండు లక్షల ఏళ్లనాటి ఆడ పూర్వమానవి అస్థికలు దొరికిన రాత్రి, శిబిరంలో టేపురికార్డరు మీద బీటిల్స్ పాట మోగుతున్నది. ఆ పాటలోని పేరే, లూసీ అని, శిలాజానికి నిలిచింది. ఆ దేశస్థులు తమ భాషలో డింకినేష్ అంటారు, నీవు అద్భుతం అని అర్థం. ఒక ఎముకకు రెండు పేర్లు; ఒకటి తవ్వినవాళ్ల పాటది, ఒకటి నేలవాళ్ల మాటది. మన ప్రాణులకు ఒకదానికి వంగకవి పేరున్నది, ఒకదానికి మన ఊళ్ల పేర్లున్నాయి. కోట, యామన్‌పల్లి అన్న మాటలు లాటిను తోకలతో ప్రపంచమంతా తిరుగుతున్నాయని ఆ ఊళ్ల బడిపిల్లలకు ఎవరైనా చెప్పారో లేదో.

మరి వీరులపాడులో ఏం చూపిస్తాం? పడమటికి జగ్గయ్యపేట సున్నపురాయి ఉన్నది. సిమెంటు ఫ్యాక్టరీలు తింటున్న ఆ రాయి అంతా ఒకప్పటి సముద్రపు అడుగు. కాని అందులో గుల్లా ఎముకా కనబడవు. అది యాభై కోట్ల ఏళ్లకు పైబడిన రాయి. గుల్లలూ ఎముకలూ ఉన్న జంతువులు అప్పటికింకా లేవు. ఒక ముక్క పిల్లల చేతికిచ్చి వెతకమంటే ఏమీ దొరకదు, ఆ దొరకకపోవడమే పాఠం. తూర్పున, పాత కృష్ణాజిల్లాలోనే, నూజివీడు దగ్గరి గొల్లపల్లి ఇసుకరాళ్లలో ఈత మట్టను పోలిన ఆకుల అచ్చులున్నాయి. పువ్వు పూసే చెట్లు ఇంకా నేలను ఆక్రమించని కాలపు ఆకులు అవి. ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రజ్ఞుడు 1870లలోనే వాటిని వర్ణించి అచ్చువేశాడు. ఒక వైపు ఏమీ లేని రాయి, ఒక వైపు ఆకున్న రాయి, మధ్యన ఊరు. కోటి రూపాయల డైనోసారు అక్కరలేదు. ఈ ప్రాంతంవాళ్లు పరిటాల వజ్రాల మాట తరతరాలుగా చెప్పుకుంటారు. వాన వెలిసిన చేలో తళుక్కుమనే రాయి కోసం వంగి చూసేవాళ్లకు, తళుక్కుమనని రాయి కోసం వంగడం నేర్పాలి, అంతే.

సంగీతం ఈ సాయంత్రంలో అలంకారం కాకుండా ఎట్లా పనిచేయగలదో డార్విన్ ఇంట్లోనే జరిగింది. 1881లో వచ్చిన ఆయన చివరి పుస్తకం వానపాముల మీద. కుండీలలో వానపాములు పెట్టి వాటికి వినికిడి ఉన్నదా అని పరీక్షించాడు. ఈల ఊదారు, బసూన్ అనే పెద్ద ఊదుడు వాద్యాన్ని గట్టిగా ఊదారు. పాములు పట్టించుకోలేదు. అవే కుండీలను పియానో మీద పెట్టి ఒక్క స్వరం మీటగానే చటుక్కున బొరియల్లోకి జారుకున్నాయి. గాలిలోని శబ్దం వాటికి తెలియదు, మట్టిలోని అదురు తెలుస్తుంది. మన ఊళ్లో పియానో ఉండదు. భజనగుడిలో హార్మోనియం ఉంటుంది, మాలమాదిగ పల్లెల్లో డప్పు ఉంటుంది. ఎర్రలను కుండలో పెట్టి పక్కన డప్పు కొట్టి, తరువాత కుండను అదురు తగిలేచోట పెట్టి కొట్టి చూడమనండి. ఏమవుతుందో ముందే చెప్పవద్దు. పాటగాడు ఆ క్షణంలో పరిశోధకుడవుతాడు. శాన్‌ఫ్రాన్సిస్కో హాలులో మోగే వాద్యానికి లేని పని ఇది.

మన రచయితల్లో ఈ రెంటినీ ఒకే జీవితంలో నడిపినవాడు కొడవటిగంటి రోహిణీప్రసాద్ (1949–2012). బొంబాయి భాభా అణుపరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞుడు, సితారు వాదకుడు. ‘మానవ పరిణామం’ రాశాడు, సంగీతాన్ని గురించి విరివిగా రాశాడు. ఆయన వచనంలో నాకు నచ్చేది ఒక నిగ్రహం. సంగీతం గొప్పదని చెప్పడానికి సైన్సును సాక్ష్యానికి పిలవడు, సైన్సు తియ్యనిదని చెప్పడానికి రాగాన్ని పూయడు. సప్తస్వరాలలో విశ్వరహస్యాలు వెతికే రచనలు మనకు తక్కువ కాదు. ఆయన ఆ దారి తొక్కలేదు. లోటు ఒకటే, ఆ పుస్తకాలు చదువుకున్నవాడి బల్ల దగ్గర ఆగిపోయాయి. వాటిలోని ఒక్క ప్రకరణాన్నయినా వేదిక మీదికి తెచ్చే దళం ఆయనకు దొరకలేదు. ఇది ఆయన లోపం కాదు, ఉద్యమానిది.

శరీరం మొత్తాన్నే పాఠానికి ఇచ్చినవాడి సంగతి కాకినాడ వాళ్లకు తెలుసు. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశం వచ్చిన హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో చనిపోయాడు. ఆయన కోరిక మేరకు ఆ దేహం కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరింది. అంత్యక్రియలు లేవు. తన కాన్సరు మీద తానే హాస్యకవిత రాసుకున్న మనిషి. పిఠాపురంలో పుట్టిన ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు గురువును గురించి జీవితాంతం రాస్తూనే వచ్చాడు. నాయకుడు లేని కథకు బుర్రకథ దళం ఎక్కడో ఒకచోట ఒక మనిషిని పెట్టక తప్పదనుకుంటే, విజేతగా కాక, తన శరీరాన్ని కూడా బల్ల మీద పరిచిన సాక్షిగా ఈయన్ని పెట్టుకోవచ్చు.

ఫిబ్రవరి 12 మన మెట్టలో మిరప కోతల కాలం. కూలికి పోయిన ఆడవాళ్లు ఇల్లు చేరి, వండి, పిల్లలకు పెట్టి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఆరు గంటలకు సభ పెట్టుకుంటే ఉపాధ్యాయులే మిగులుతారు. తొమ్మిదింటికి మొదలుపెట్టడం మేలు. గొల్లపల్లి ఆకు రాయి చూపడానికి చీకటే అనువు కూడా. నడినెత్తి ట్యూబులైటు కింద ఆ అచ్చు ఏమీ కనబడదు. లైట్లు ఆర్పి, రాయికి పక్కనుంచి, బల్ల ఎత్తున ఒక టార్చిలైటు ఏటవాలుగా పెడితే ఈనె ఈనెకూ నీడ పడుతుంది. పదిమంది చొప్పున బల్ల చుట్టూ నిలబడనివ్వాలి, వేలితో తడమనివ్వాలి.